తేయాకు కొండల వంతెన, గోదావరి పాత బ్రిడ్జి

పుదుచ్చేరిలో ఉండేవాళ్ళకు ఈ రెండు వంతెనలూ రైలు దారిలోవే. ఇక్కడినుంచి వారానికోసారి హౌరా వెళ్ళే రైలు రాజమండ్రి దగ్గర, ఇప్పుడు పాత బ్రిడ్జి పక్క వంతెన మీదుగా, గోదావరి దాటుతుంది. రెండో దారి 1964 తుఫానులో తెగిపోయింది. అంతకుముందు విల్లుపురంలో బోట్ మెయిల్ ఎక్కి, ధనుష్కోడిలో ఓడ పట్టుకుని, తలైమన్నార్‌లో దిగి మళ్ళీ రైలెక్కితే సిలోన్ తేయాకు కొండలకు చేరుకునేవారు. ఆ కొండల్లో ఎల్ల, డెమోదర స్టేషన్ల మధ్య ఉంది తొమ్మిది కమానుల వంతెన.

1921లో పూర్తయిన ఆ వంతెన పొడవు 91 మీటర్లు, లోయ మీద ఎత్తు 24 మీటర్లు. ఉక్కు గర్డర్లు లేవు. కాంక్రీటు దిమ్మెలు, రాయి, ఇటుక, అంతే. కొలతలు చూస్తే మామూలుదే. దాని బలమంతా అది ఉన్న చోటులో ఉంది. ఎదుటి వాలు మీద, తేయాకు పొదల పక్కన నిలబడితే మొత్తం వంతెన ఒక్క చూపులో అందుతుంది. వంపు తిరిగిన ఆ కమానుల మీదుగా రైలు మెల్లగా వస్తుంటే చూసేవాడికీ, పెట్టెలోంచి చేయి ఊపేవాడికీ మధ్య దూరం ఎంతో ఉండదు. వందేళ్ళు దాటినా దాని పని దానికుంది. ఆ అందంలో సగం ఆ పనిదే.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఉక్కు తరలిపోతే అప్పుహామి అనే స్థానికుడు రాయితోనే కట్టి చూపించాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కాగితాల్లో కనిపించేది మాత్రం రైల్వే నిర్మాణ శాఖలోని హెరాల్డ్ కత్‌బర్ట్ మార్‌వుడ్ పేరు. నేను కాగితాన్నే నమ్ముతాను. కానీ ఆ కథ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వలస వెళ్ళిన కూలీలు, ఎక్కువమంది తమిళులు, ఆ కొండల్ని తోటలుగా మార్చారు. వాళ్ళెవరి పేరూ ఏ వంతెన మీదా లేదు. జనం తమవాడి పేరొకటి వెతుక్కోవడంలో తప్పు లేదు.

ఇక మన బ్రిడ్జి. దీని పేరులోనే సిలోన్ ఉంది. 1890 నుంచి 1895 దాకా సర్ ఆర్థర్ హేవ్‌లాక్ సిలోన్ గవర్నరు. కొండ రైలుమార్గం హపుతళె దాటి బండారవెల చేరింది ఆయన కాలంలోనే. తర్వాత మద్రాసు గవర్నరై వచ్చాడు. 1897లో మొదలై 1900 ఆగస్టులో తెరుచుకున్న గోదావరి వంతెనకు ఆయన పేరు పెట్టారు. కట్టిన ఇంజనీరు ఎఫ్.టి.జి. వాల్టన్, అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టినవాడు. 45.7 మీటర్ల గర్డర్లు 56. ఎల్ల వంతెన మొత్తం పొడవు ఇక్కడి రెండు గర్డర్లతో సరి. వరద గోదావరి అడుగున ఇసుకలో పునాదులు దింపి, మూడేళ్ళలో ఇంత పొడవున పట్టాలు పరిచారంటే, కట్టడంగా దీనిదే పైచేయి. నాకు ఇందులో సందేహం లేదు.

అయినా దేశదేశాలవాళ్ళు ఎల్లకే పోతారు. గోదావరి వంతెన ఫొటోలో పట్టదు. ఏ ఒడ్డున నిలబడ్డా రెండో కొస కనిపించదు. దాన్ని తెలుసుకోవాలంటే దాటాలి. కిటికీ పక్కన కూర్చుని, గర్డర్ల చప్పుడు మారుతుంటే దండం పెట్టి నదిలోకి చిల్లర నాణెం విసిరినవాళ్ళకే ఆ పొడవు తెలిసింది. 1997లో కొత్త ఆర్చి వంతెన వచ్చాక పాతదాని మీద రైళ్ళు ఆగిపోయాయి. దాటడమే లేనప్పుడు పక్క వంతెన మీంచి చూసేవాడికి అది వట్టి ఇనుప వరస.

ఇనుము రాయిలా ఓపిక పట్టదు. పుదుచ్చేరి బీచ్ రోడ్డులో గాంధీ విగ్రహం ఎదుట సముద్రంలో కొన్ని మొండి స్తంభాలు కనిపిస్తాయి. 1866లో ఫ్రెంచివాళ్ళు కట్టిన ఇనుప రేవు వంతెన అది. 1952 తుఫాను తీసుకుపోగా మిగిలింది అంతే. గోదావరి పాత బ్రిడ్జికి ఆ గతి పట్టకూడదు.

2025 జూన్‌లో అఖండ గోదావరి పర్యాటక పథకానికి శంకుస్థాపన జరిగింది. అందులో హేవ్‌లాక్ వంతెన కూడా ఉంది. సంతోషమే. అయితే రంగు దీపాలూ తినుబండారాల దుకాణాలూ పెట్టి సరిపెట్టకండి. ఈ కొస నుంచి ఆ కొస దాకా, రాజమండ్రి నుంచి కొవ్వూరుకు, మనిషి నడిచి వెళ్ళే దారి ఇవ్వండి. పట్టాలు కనిపించనివ్వండి. పునాదులు ఎలా దించారో, ఆ పని చేసిందెవరో తెలుగులో రాసి పెట్టండి.