వరిగడ్డిలో ముగ్గిన రసాలు

బాపులపాడుకు ఒకవైపు డెల్టా వరి, మరోవైపు నూజివీడు మామిడి. ఆ రెండూ కలిసేది 1960లలో మా అమ్మమ్మ కొట్టుగదిలో.

చిక్కంతో దింపిన చిన్న రసాలను తొడిమ కిందికి ఉండేలా బోర్లించి, సొన కారనిచ్చేది. సొన అంటితే తొక్క నల్లగా మాడుతుంది. తరవాత గడ్డి ఒక వరుస, కాయలు ఒక వరుస. రోజూ చెయ్యి పెట్టి, తొడిమ పక్కన బొటనవేలితో మెల్లగా నొక్కేది. మెత్తబడింది పైకి, మచ్చపడింది బయటికి. ఒక్క కుళ్లిన కాయ వరుసనంతా పాడుచేస్తుందని ఆమెకు తెలుసు.

ముగ్గే కాయ తనే ఇథిలీన్ విడుస్తుంది. గడ్డి ఆ వాయువునూ వెచ్చదనాన్నీ పట్టి ఉంచుతుంది. అమ్మమ్మకు ఆ పేరు తెలియదు, పని తెలుసు. తరవాత కార్బైడ్ వచ్చింది. తొక్కకు పసుపు రంగు ఇచ్చింది, లోపలి పులుపు అలాగే ఉంచింది. కాయలు ముగ్గబెట్టడానికి దాన్ని వాడకూడదని చట్టమే చెబుతోంది.

ఇప్పటికీ గడ్డిలో ముగ్గేసే చేతులు ఈ పల్లెల్లో ఉన్నాయి. ఆ పండును అరచేతుల మధ్య పిసికి, ముచ్చిక కొరికి జుర్రుకుంటే, ఓపిక రుచి ఏమిటో నాలుకకే తెలుస్తుంది. ఆ చేతులకు నా దణ్ణం.