ఏడు మంచి అలవాట్లు - ఒక విమర్శ

ఆరోగ్యపాఠాలలో మంచి అలవాట్లను ఒకదాని క్రింద ఒకటి వ్రాసి వల్లె వేయించడం పరిపాటి. కాని మనుష్యుల జీవితంలో అలవాట్లు అట్లా విడివిడిగా ఉండవు, గుత్తులుగా ఉంటవి. పొగ త్రాగేవారిలో మద్యం సేవించేవారు ఎక్కువగా ఉండడం అనేక దేశాల పరిశీలనలలో తేలిన విషయం. అలవాట్లను ఇట్లా కలిపి లెక్కించడానికి దారి చూపిన పరిశోధనలలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, అలమీడా అనే జిల్లాలో జరిగినది ముఖ్యమైనది. అక్కడ తయారైన కొలబద్ద నంద్యాల, ఆళ్లగడ్డ వంటి ఊళ్లకు ఎంతవరకు సరిపోతుందో పరిశీలించవలసి ఉన్నది.

1965లో అలమీడాలో 6,928 మంది వయోజనులను ప్రశ్నించినారు. ఆ సమాధానాల నుండి నెడ్రా బెలాక్, లెస్టర్ బ్రెస్లో అనే పరిశోధకులు 1972లో ఏడు అలవాట్లను ఎంచి చూపినారు. అవి: రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర, ఉదయపు ఫలహారం మానకుండడం, భోజనాల మధ్య చిరుతిండ్లు తినకుండడం, తగిన బరువు, వ్యాయామం, పొగ త్రాగకుండడం, మద్యం ముట్టకుండడం లేదా మితంగా తీసికొనడం. వీటిలో ఆరో, ఏడో పాటించే 45 ఏండ్ల పురుషుడు, మూడో అంతకు తక్కువో పాటించేవానికన్న సుమారు 11 ఏండ్లు ఎక్కువ జీవించగలడని 1973లో బెలాక్ లెక్క కట్టినారు.

ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క కారణాన్ని వెదకడంతో ఆగక, నిత్యజీవితాన్నంతటినీ ఒక్క చూపులో చూడడం ఈ పరిశోధన గొప్పతనం. అయితే లోపాలు లేకపోలేదు. మొదటిది, ఏడింటికీ సమానంగా ఒక్కొక్క మార్కు వేయడం. తొమ్మిదేండ్ల మరణాల లెక్కను 1982లో తిరిగి పరిశీలించినప్పుడు ఫలహారం, చిరుతిండ్లు అనే రెండింటికీ ఆయుర్దాయంతో స్వతంత్రమైన సంబంధం కనబడలేదు. రెండవది, బరువు నిజానికి అలవాటు కాదు. అలవాట్ల వలన కలిగే ఫలితాలలో ఒకటి.

మూడవ లోపం ఆళ్లగడ్డలో స్పష్టంగా తెలుస్తుంది. అలమీడాలో వ్యాయామం అంటే తీరిక సమయంలో ఆడే ఆటలు, నడక, తోటపని. ఆళ్లగడ్డ రాతిశిల్పాలకు పేరు పడినది. పగలంతా ఉలి, సుత్తి పట్టి రాతిని చెక్కే శిల్పికి సాయంత్రం నడవడానికి ఓపిక ఉండదు. కనుక ఆ పట్టికలో అతనికి సున్న వస్తుంది! మరొకవైపు, అతని ఊపిరితిత్తులకు నిజంగా హాని చేసే దుమ్ముకు ఆ పట్టికలో చోటే లేదు. గ్రానైటు వంటి రాళ్ల ధూళిలో సిలికా ఉంటుంది. శ్వాసనాళాలలోని సూక్ష్మమైన శైలికలు ధూళిని వెలుపలికి ఊడ్చివేస్తుంటవి. పొగ వాటిని దెబ్బతీస్తుంది. అందువలన రాతిపనివానికి బీడీ చేసే అపకారం మరింత పెరుగుతుంది. అతనికి "బీడీ మాను" అని చెప్పడంతో సరిపోదు. దుమ్ము లేవకుండ నీరు చల్లే ఏర్పాటు, ముక్కుకు తగిన కవచం కూడ కావలెను.

నాలుగవ లోపం, ఏమి తింటారన్న ప్రశ్న ఆ ఏడింటిలో లేకపోవడం. నంద్యాల ప్రాంతంలో జొన్నరొట్టె, కొర్రన్నం పూర్వంనుండి ఉన్న ఆహారం. 1906లో ఏర్పడిన నంద్యాల వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుండి జొన్న, కొర్ర రకాలు వెలువడినవి. కాలువ నీటితో వరి పెరిగింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఆకలి తీరడం గొప్ప మేలే. కాని పళ్లెంలో పీచు తగ్గింది. ఇంచుమించు అదే కాలంలో యంత్రాలు పొలంలోని శ్రమను తగ్గించినవి. ఇట్లా తిండి, శ్రమ జంటగా మారినవి. దీనికి ఒక్కొక్కరి మనోబలాన్ని నిందించడం న్యాయం కాదు.

ఇక గుత్తిని లెక్కించే పద్ధతి. ఉదాహరణకు 100 మందిలో 30 మంది పొగ త్రాగుతారని, 20 మంది మద్యం సేవిస్తారని అనుకొన్నచో, ఈ రెండింటికీ సంబంధం లేకపోయినా ఆరుగురిలో రెండూ ఉండవలెను. అంతకన్న బాగా ఎక్కువగా, 15 మందిలో ఉంటే గుత్తి ఉన్నదని చెప్పవచ్చును. 2017-18లో జరిగిన జాతీయ పరిశీలనలో 98.4 శాతం వయోజనులు తగినన్ని పండ్లు, కూరగాయలు తినడం లేదని తేలింది. అందరిలోనూ ఉన్న లోపం ప్రతి దురలవాటుతోను కలిసే కనిపిస్తుంది. అది గుత్తి కాదు. మరొక చిక్కు: పొగ, మద్యం రెండూ మగవారిలోనే ఎక్కువ. స్త్రీ పురుషులను కలిపి లెక్కిస్తే లేని సంబంధం ఉన్నట్లు, ఉన్న సంబంధం మరింత పెద్దదైనట్లు కనిపిస్తుంది. కనుక విడివిడిగా లెక్కించవలెను.

అలమీడా పరిశోధన చూపిన దారి మంచిదే. దాని ప్రశ్నలను మాత్రం స్థానికంగా తిరిగి వ్రాసికొనవలెను. లెక్కల ఉపాధ్యాయుడు, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు కలిసి తరగతిలోనే ఈ పని ప్రారంభించవచ్చును. పేర్లు వ్రాయకుండ చీటీలమీద నిద్ర, ఆట, కూరగాయలు - ఈ మూడింటిని మాత్రమే అడిగి, అనుకొన్న సంఖ్యకు, వచ్చిన సంఖ్యకు గల తేడాను నల్లబల్లపై కట్టించవలెను. తేడా కనబడినచో తరువాత అడుగవలసినది ఎవరిది తప్పు అని కాదు. ఆ రెండు అలవాట్లను ముడివేసినది బడివేళలా, ఇంటిపనా, ఆటస్థలం లేకపోవడమా అని.