ఆన్‌లైన్ పాఠాలు - స్వతంత్ర ఆలోచన

విశ్వవిద్యాలయ విద్యార్థులలో సృజనాత్మక ఆలోచనను పెంపొందించడానికి ఆన్‌లైన్ పాఠాలు తోడ్పడతాయన్న మాట నేడు తరచు వినవస్తోంది. ఇందులో నిజమెంతో తెలుసుకోవాలంటే పాఠాన్ని మాత్రమే చూస్తే చాలదు. పాఠం చివర విద్యార్థిని ఏమి అడుగుతున్నారో కూడా పరిశీలించాలి.

మన దేశంలో ఇందుకు తగిన ఉదాహరణ 'స్వయం'. 2017లో ప్రారంభమైన ఈ వేదికకు సాంకేతిక విద్యా పాఠాలను ఎన్.పి.టి.ఇ.ఎల్. సమకూరుస్తోంది. ఏడు ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కలసి 2003లో ఆరంభించిన పథకమిది. దీని వల్ల కలిగిన మేలు కాదనరానిది. మారుమూల కళాశాలలోని విద్యార్థి పేరెన్నికగన్న ఆచార్యుల ఉపన్యాసాన్ని రుసుము లేకుండా వినగలుగుతున్నాడు. అర్థం కాని చోట ఆపి మళ్ళీ వినగలుగుతున్నాడు. తరగతిలో అడగడానికి జంకేవానికి ఇది చిన్న సదుపాయం కాదు.

'స్వయం' పాఠానికి నాలుగు అంగాలున్నాయి: దృశ్య ఉపన్యాసం, పఠన సామగ్రి, స్వీయ పరీక్ష, చర్చావేదిక. వీటిలో విద్యార్థి తన సొంత మాట చెప్పగలిగేది చివరి దానిలోనే. కాని ఎన్.పి.టి.ఇ.ఎల్. ధ్రువపత్రానికి లెక్కించే 100 మార్కులలో 25 వారం వారం ఇచ్చే అభ్యాసాలకు, 75 చివరి పరీక్షకు పోతాయి. చర్చకు మార్కులు లేవు. పైగా ఆ అభ్యాసాలలో, పరీక్షలలో అధిక భాగం ఇచ్చిన జవాబులలో సరైనదాన్ని గుర్తించే ప్రశ్నలే.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జె. పి. గిల్ఫర్డ్ ఆలోచనలో రెండు విధాలను వేరుచేసి చూపాడు. ఒకే సరైన జవాబు వైపు సాగేది మొదటిది. ఒకే ప్రశ్న నుండి పలు జవాబులకు విస్తరించేది రెండవది. సృజనకు దగ్గరగా ఉన్నది రెండవదేనని ఆయన భావించాడు. పై పరీక్షలు ప్రధానంగా మొదటిదాన్నే కొలుస్తున్నాయి. మార్కులు లేని దానికోసం విద్యార్థి శ్రమించకపోతే తప్పు అతనిది కాదు.

వేలాదిమంది వ్రాతలను ఎవరు దిద్దగలరని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. అయితే యు.జి.సి. 2021 నిబంధనలు ఒక సెమిస్టరులోని కోర్సులలో 40 శాతం వరకు 'స్వయం' ద్వారా చదవడానికి అనుమతించాయి. ఆ క్రెడిట్లను తన లెక్కలో చేర్చుకునే కళాశాలలో ఒక్కొక్క కోర్సుకు వేలమంది ఉండరు. ఉపన్యాసాన్ని ఇంటివద్ద విని, తరగతిలో దానిపై వాదించవచ్చు. నీటివనరుల పాఠం విన్న విద్యార్థిని, అతని ఊరి చెరువు వేసవిలో నిలవడానికి మూడు మార్గాలు సూచించి, వాటిలో ఏది ఎందుకు పనికిరాదో వ్రాయమనవచ్చు. దీనికి ముందే సిద్ధం చేసిన జవాబు ఉండదు. వ్రాసినదాన్ని చదివి ఎదురు ప్రశ్న వేసే అధ్యాపకుడు కావాలి.

ఆన్‌లైన్ పాఠం ఆ అధ్యాపకునికి ఉపన్యాస భారాన్ని తగ్గించి, విద్యార్థి మాట వినే వ్యవధిని ఇవ్వగలదు. అతని స్థానాన్నే ఖాళీగా ఉంచడానికి కళాశాలలు దాన్ని సాకు చేసుకుంటే, విద్యార్థి చేతికి ధ్రువపత్రం వస్తుంది. అతని సందేహం మాత్రం అతని వద్దే మిగిలిపోతుంది.