తెడ్డెత్తి చూపేవాడు

బోధన్ నుంచి రెంజల్ మండలంలోని కందకుర్తికి చేరినవాళ్లకు ఒడ్డున నిలబడితే కనిపించేది ఒకటే నీరు. గోదావరి, మంజీర, హరిద్ర ఎక్కడ కలుస్తున్నాయో విడదీసి చూపేది పడవ నడిపేవాడే. “అగో, ఆ దిక్కుకెళ్లి వచ్చేది మంజీర” అంటూ తెడ్డెత్తుతాడు.

గెడ దించి లోతు చూడటం, ఇసుక ఎక్కడ మేట వేసిందో గుర్తుంచుకోవడం అసలు పనితనం. వరదకు ఇసుక కదిలిపోతుంది. నిరుటి దారి ఈ ఏడు పనికిరాదు.

నదిలోని పాత రాతి శివాలయం వానాకాలం మునుగుతుంది, నీరు తగ్గితే తేలుతుంది. ఎండలు ముదిరితే జనం నడిచే వెళ్తారు. అప్పుడు పడవకు బేరమెక్కడిది?

2015 పుష్కరాలకు ఈ ఒడ్డు భక్తులతో కిక్కిరిసింది. మామూలు రోజుల్లో పడవవాడు అడిగితేనే ఈ సంగమం కథ చెబుతాడు, బట్టీపట్టిన గైడులకన్నా నయం. అవతల మహారాష్ట్ర కదా, అవసరమైతే మరాఠీలోనూ చెబుతాడు.