ఋతువు, ఆట, తరగతి గది: శిశువిద్యపై ఒక పరిశీలన

జాతీయ విద్యావిధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వయస్సును పునాది దశగా నిర్ణయించింది. ఆ దశ కోసం 2022లో వెలువడిన పాఠ్యప్రణాళికా చట్రం ఆటను ప్రధాన బోధనామార్గంగా స్వీకరించింది. అయితే ఋతువుల పాఠంలో ఈ ఆశయం గోడపటం దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. గొడుగు బొమ్మకు రంగు వేయడం ఆటలాగే కనిపిస్తుంది. కాని అందులో వాన లేదు.

తెలుగువారి బాల్యక్రీడలు ఋతువును చేతికీ కంటికీ పరిచయం చేశాయి. ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్దికి ఊయలలు ఊగుతారు. వానలు వెనుకబట్టే వేళ పూచే తంగేడు, గునుగు పూలను తెలంగాణలో బతుకమ్మగా పేరుస్తారు. ఆ పూలు ఏరే పిల్ల రంగులను వేరుచేస్తుంది, వరుసలను లెక్కిస్తుంది, ఏ పువ్వు ఎక్కడ దొరుకుతుందో గుర్తుంచుకుంటుంది. వర్గీకరణ, గణనం, పరిశీలన ఆ ఆటలోనే ఇమిడి ఉన్నాయి.

అలాగని పండుగను యథాతథంగా తరగతిలోకి తేవడం పరిష్కారం కాదు. పెద్దలే పేర్చి వేదికపై నిలిపితే పిల్లలు చూపరులుగా మిగులుతారు. పైగా ఆ పండుగ తరగతిలోని పిల్లలందరి ఇళ్లలోనూ ఉండకపోవచ్చు. తంగేడు పువ్వు మాత్రం అందరికీ అందుతుంది. కనుక ఉపాధ్యాయులు గ్రహించవలసినది ఆ ఆటల పద్ధతిని. వాన కురిసే రోజున చూరునీటిని దోసిట పట్టనిచ్చే పది నిమిషాలకు కాలపట్టికలో చోటు దొరికినప్పుడే చట్రం ఆశయం తరగతిలో నెరవేరుతుంది.