‘బతకలేక బడిపంతులు’: ఒక సామెత, కొన్ని రచనలు

ఈ పాఠ్యభాగంలో మనం విమర్శకు తీసుకుంటున్నది ఒక కావ్యాన్నో, ఒక కవినో కాదు. రెండే రెండు మాటల సామెతను. ‘బతకలేక బడిపంతులు’ అన్న మాట మీలో చాలామంది ఇంట్లోనే విని ఉంటారు. డిగ్రీ అయ్యాక బి.ఎడ్. చేస్తానని చెప్పిన రోజున మేనమామో, పక్కింటి పెద్దాయనో నవ్వుతూ అనే మాట ఇది. కోనసీమ నుంచి కాంటాక్ట్ క్లాసులకు వచ్చే విద్యార్థులు నాతో ఈ సంగతి చాలాసార్లు చెప్పారు. రాజోలు వైపు ఇళ్ళల్లో ఒకరో ఇద్దరో గల్ఫ్‌లో ఉంటారు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం కళ్ళ ముందు కనిపిస్తుంది. ఇవన్నీ ఉండగా బడిలో ఏముందని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు మీ జీవితంలో మీరే చెప్పుకోవాలి. అయితే సామెతను మాత్రం సాహిత్య విద్యార్థిగా చదవవచ్చు. ఎవరు అన్నారు, ఎవరిని చూసి అన్నారు, ఎవరి కోసం అన్నారు అని అడగవచ్చు.

సామెత వీధిబడి కాలంలో పుట్టిందని దాని స్వరమే చెబుతుంది. వీధిబడి పంతులుకు నెల జీతం లేదు. పిల్లల తల్లిదండ్రులు ఇచ్చే ధాన్యం, కూరా నారా, పండుగ మామూళ్ళు అతని రాబడి. దసరా వస్తే పిల్లలను వరసగా నిలబెట్టి, చేతికి విల్లంబులిచ్చి, పద్యాలు పాడిస్తూ ఇంటింటికీ తిరిగేవాడు. ఇప్పుడు మనం దాన్ని ముచ్చటైన సంప్రదాయంగా చెప్పుకుంటాం. కానీ అది ఏడాదికొకసారి పంతులు తన జీతం తానే వసూలు చేసుకునే పద్ధతి. అక్షరాలు వచ్చినవాడికి కరణీకమో, కచేరీలో గుమాస్తాగిరీయో దొరికే రోజుల్లో అవేవీ దొరకనివాడు బడి పెట్టుకున్నాడు. సామెత అతన్ని చూసి నవ్వింది. అంటే ఈ మాట అనడానికి ఒక అర్హత కావాలి. అన్నవాడికి బతకడానికి వేరే దారి ఉండాలి. ఆ దారే లేనివాళ్ళ నోట ఈ సామెత పుట్టదు.

ఇక్కడ గుర్రం జాషువా జీవితాన్ని గుర్తు చేసుకోండి. 1895లో వినుకొండలో పుట్టిన ఆయన యువకుడిగా ఒక మిషనరీ పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతానికి చేరారు. ఆ ఉద్యోగం పోయింది. రాజమండ్రి వెళ్ళి 1915-16 ప్రాంతంలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పే పని చేశారు. తరువాత గుంటూరులో లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు పనిచేశారు. 1928 నుంచి 1942 దాకా తెలుగు పండితుడుగా ఉన్నారు. ‘గబ్బిలం’ వెలువడిన 1941 నాటికి ఆయన పిల్లలకు పద్యాలు చెప్పే పంతులే. కులం పేరిట తాను పడిన అవమానాలను ‘నా కథ’లో రాసుకున్నారు. ఈ జీవితానికి మన సామెతను అతికించి చూడండి, అతకదు. ఆయన ఇంకేదీ చేతకాక బడికి రాలేదు. బడి తనను వదిలేస్తే బయట ఏదో ఒక పని చేసి మళ్ళీ బడికే వచ్చారు. పండితుడనే గుర్తింపు ఆయనకు పుట్టుకతో ఎవరూ ఇవ్వలేదు, చదివి సంపాదించుకున్నారు. ఆ గుర్తింపుకు సమాజంలో నిలువ నీడ ఇచ్చినది, ఎంత ఇరుకైనదైనా, ఉపాధ్యాయ ఉద్యోగమే.

ఇప్పుడు కోనసీమకు వద్దాం. బోయి భీమన్న 1911లో మామిడికుదురులో, ఒక పేద దళిత కుటుంబంలో పుట్టారు. మామిడికుదురు ఎక్కడో మీకు చెప్పక్కర్లేదు. కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు ఉన్న పచ్చని సీమలో ఆ పచ్చదనాన్ని పండించినవాడు పాలేరు. ఏడాదికి ఇంత ధాన్యం అని మాట్లాడుకుని కామందు ఇంట చేరిన పాలేరుకు పగలూ రాత్రీ తేడా లేదు. అతని కొడుకు పశువుల వెంట పోవలసినవాడే, బడికి పోయేవాడు కాదు. 1940 ప్రాంతంలో భీమన్న రాసిన ‘పాలేరు’ నాటకం ఈ వరసను తెంచుతుంది. పాలేరు చదువుకుంటాడు, పెద్ద అధికారి అవుతాడు. ఊళ్ళలో ఈ నాటకం విరివిగా ఆడారు. చూసినవాళ్ళలో కొందరు పాలేరుతనం మానుకుని చదువుకు వెళ్ళారని కూడా చెబుతారు. ఒక నాటకం ప్రేక్షకుణ్ణి చప్పట్లు కొట్టించడం మామూలే. కొలువు మానిపించడం మామూలు సంగతి కాదు.

ఈ నాటకం మీద సాధారణంగా వచ్చే విమర్శ ఒకటి ఉంది. కథ కలలా ఉందనీ, పాలేరు అంత ఎత్తుకు ఎదగడం సహజంగా లేదనీ అంటారు. నాకు ఈ విమర్శ సరైనదిగా తోచదు. ‘సహజం’ అన్న కొలతబద్ద ఎవరిది? పాలేరు కొడుకు పాలేరే కావడం సహజమని నమ్మిన సమాజంలో నాటకకర్త అసహజమైనదాన్నే చూపించాలి. నా అభ్యంతరం వేరే చోట ఉంది. చదువుకు ఈ నాటకం ఇచ్చే ప్రతిఫలం అధికార పీఠం. ఆనాటి లెక్కలో అది న్యాయమే, ఎందుకంటే కామందు భయపడేది అధికారికే గాని పంతులుకు కాదు. కానీ ఒక పాలేరు అధికారి అయితే ఒక ఇల్లు మారుతుంది. ఆ తరువాతి పాలేరు కొడుకుకు ఓనమాలు దిద్దించేది ఎవరు? ఈ ప్రశ్న నాటకం చట్రంలో లేదు. భీమన్న జీవితంలోనూ దీని జాడ కనిపిస్తుంది. ఆయన కొంతకాలం ఉపాధ్యాయుడుగా పనిచేసి, పత్రికలకు, అక్కడి నుంచి ప్రభుత్వ అనువాద శాఖకు వెళ్ళారు. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. 1975లో ‘గుడిసెలు కాలిపోతున్నాయ్’కి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కవి ఆయన. పంతులుగా ఉండిపోయి ఉంటే ఆ కవిత్వం వచ్చేదో రాదో మనం చెప్పలేం. నేను ఎత్తిచూపుతున్నది రచయిత నిర్ణయాన్ని కాదు, మన సాహిత్యంలో ఒక ఖాళీని. పంతులు ఉద్యోగాన్ని మెట్టుగా చూపిన రచనలు మనకు ఉన్నాయి, ఇల్లుగా చూపినవి తక్కువ.

తక్కువే కాదు, మనకు బాగా గుర్తున్న బోధకుడు ఒక మోసగాడు. కన్యాశుల్కంలో గిరీశం వెంకటేశానికి చదువు చెప్పే వంకతో కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. కొడుకు ఇంగ్లీషు వినాలని తల్లి ముచ్చటపడితే గురుశిష్యులిద్దరూ సంబంధం లేని ముక్కలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. తల్లి మురిసిపోతుంది. 1892లో తొలిసారి ఆడినప్పుడూ, 1909లో మారిన రూపంలో వచ్చినప్పుడూ గురజాడ విజయనగరంవారే. అంతకుముందు అక్కడే ఉపాధ్యాయుడుగా, కళాశాల అధ్యాపకుడుగా పనిచేశారు. కాబట్టి ఈ నవ్వు బయటివాడి ఎగతాళి అని నేను అనుకోను. చదువును చెవికి ఇంపైన చప్పుడుతో కొలిచే తల్లిదండ్రుల మీద ఒక ఉపాధ్యాయుడు విసిరిన చురక అది. అమలాపురం బస్టాండు దగ్గర కనిపించే స్కూళ్ళ ఫ్లెక్సీలు చూసినప్పుడల్లా నాకు వెంకమ్మగారు గుర్తొస్తారు. అది వేరే చర్చ.

ఉండిపోయినవాళ్ళు ఎలా ఉంటారో తెలియాలంటే కథల్లో కంటే జీవితాల్లో వెతకడం మేలు. గిడుగు వెంకట రామమూర్తి 1880లో పర్లాకిమిడి బడిలో చేరారు. దాదాపు 30 ఏళ్ళు అదే ఊళ్ళో పాఠాలు చెప్పారు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా ఆయన మీకు తెలుసు. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. ఆ ఉద్యమం సభల్లో పుట్టలేదని మీరు గమనించాలి. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో ఉన్న తెలుగు మరొకటి కావడం తరగతి గదిలో ఏళ్ళ తరబడి చూసినవాడికే గుచ్చుకుంటుంది. సవర భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపి, 1931లో ఆ భాషకు వ్యాకరణాన్నీ, 1938లో నిఘంటువునూ వెలువరించారు. ఉద్యోగం చాలించిన ఎన్నో ఏళ్ళకు ఆ పుస్తకాలు వచ్చాయి. రెండేళ్ళు పనిచేసి వెళ్ళిపోయే పంతులుకు ఇవి సాధ్యమయ్యే పనులు కావు. నా ఉద్దేశంలో బోధన వృత్తిలో నిలకడకు విలువ ఇక్కడ ఉంది. ఓర్పు అనే నీతిలో కాదు, ఒకే రకం తప్పును వందమంది పిల్లలు చేయగా చూసి, తప్పు పిల్లలది కాదని గుర్తించడంలో.

కోనసీమకు దగ్గరి మనిషి మరొకరు ఉన్నారు. చింతా దీక్షితులు 1891లో దంగేరులో, అంటే గౌతమికి అటు ఒడ్డున రామచంద్రపురం వైపు పుట్టారు. విద్యాశాఖలోనే ఉద్యోగం చేశారు. చలం కూడా అదే శాఖలో ఉపాధ్యాయుడు, తరువాత బడుల తనిఖీ అధికారి. ఇద్దరూ స్నేహితులు. చలం దీక్షితులుకు రాసిన ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. ఒకే వృత్తి ఇద్దరిని రెండు రకాలుగా మలచింది. బడి పిల్లవాణ్ణి ఎలా నలిపేస్తుందో చూసి చలం కోపంతో ‘బిడ్డల శిక్షణ’ రాశాడు. దీక్షితులు ‘లక్కపిడతలు’ పేరుతో పిల్లల పాటలు కూర్చారు. మన విమర్శకులు కోపానికి ఇచ్చిన చోటు పాటలకు ఇవ్వలేదు. బాలసాహిత్యం అని పక్కన పెట్టారు. పిల్లవాడి నోటికి ఏ మాట తిరుగుతుందో, ఏ మాట దగ్గర ఆగిపోతాడో తెలియడం కూడా పాండిత్యమే. అది బడిలోనే పడుతుంది.

1972లో వచ్చిన ‘బడిపంతులు’ సినిమాను కూడా మీరు చూసే ఉంటారు. అందులో మన కన్నీళ్ళు పంతులు ముసలితనానికి, కొడుకుల నిరాదరణకు. అతని పాఠానికి కాదు. పంతులును దేవుణ్ణి చేయడం, జోకరును చేయడం రెండూ అతని పనిని చూడకుండా తప్పించుకునే దారులే.

ఇక సామెత ఇప్పటి సంగతి. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటిస్తే 3 లక్షలకు పైగా అభ్యర్థులు దరఖాస్తు చేశారు. బతకడానికి ఇంతమంది పోటీ పడే ఉద్యోగాన్ని ‘బతకలేక’ అనడం కుదరదు. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి పాత పింఛను లేదన్నది నిజం. బదిలీ మీద ఏ లంక గ్రామానికో వెళితే వరదల రోజుల్లో పడవ కోసం ఎదురుచూడాలన్నదీ నిజం. అయినా నెల జీతం ఉంది. డీఎస్సీ కోసం ఏళ్ళు గడుపుతూ ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి రోజంతా నిలబడే మీ అక్కలూ అన్నల విషయంలో మాత్రం సామెత ఇంకా బతికే ఉంది. వెనకటి పంతులు కనీసం దసరాకు పిల్లల చేత అడిగించుకునేవాడు. వీళ్ళకు వేసవి నెలల జీతం అడిగే చోటు కూడా చాలా సందర్భాల్లో ఉండదు. ఈ బతుకు మీద తెలుగులో కథలు అరుదుగా వస్తున్నాయి.

‘పాలేరు’ చదివేటప్పుడు ఒక పని చేయండి. కథానాయకుడి ఎదుగుదలను ఎలాగూ గమనిస్తారు. దానితోపాటు అతని చేతికి పలక ఎవరి వల్ల వచ్చింది, ఆ మనిషికి నాటకం ఎన్ని మాటలు ఇచ్చింది, ఆ తరువాత ఆ మనిషి ఏమైనట్టు చెప్పింది అని మార్జిన్‌లో రాసుకోండి. మీ అసైన్‌మెంటుకు ఆ నోట్సు పనికొస్తుంది.