వీధిమూలనుండి వచ్చిన పాట

సంగీతమును గూర్చి మనలో వెలువడు విమర్శలలో నధికభాగము సభామందిరమును విడిచి యడుగు వెలుపల బెట్టవు. విద్వాంసుని పేరు, ప్రక్కవాద్యములవారి పేరులు, పాడిన రాగముల పట్టిక, కడపట నొక యభినందనము: ఇంతటితో విమర్శకుని పని తీరిపోవును. సభకు రానివాని పాటను విని, తూచి, మంచిచెడ్డలు చెప్పువా రరుదు. ప్రతిభ సభాద్వారమున టిక్కెట్టు చూపియే లోని కేతెంచునను నియమ మేమియు లేదు గదా! ఈ మాటకు దృష్టాంతముగా నమెరికాదేశమున 1983లో వెలువడిన యొక చిన్న గీతసంపుటిని చదువరుల యెదుట నుంచ దలచితిమి. దానిని పాడినవారు మువ్వురు యువకులు. వారి కూటమి పేరు వయొలెంట్ ఫెమ్స్. సంపుటికిని అదియే పేరు. పాశ్చాత్యుల రాక్ సంగీతమును నిత్యము వినువారికి నిది యిప్పుడు పరిచితమే. వెలువడిన నాడు మాత్రము దాని నెఱిగినవారు స్వల్పము. కర్ణాటక సంగీతమునకు, చలనచిత్రగీతములకు నలవాటుపడిన మన చదువరులలో బెక్కుమందికి నేటికిని అది క్రొత్తయే కావచ్చును.

మిల్వాకీ యనునది విస్కాన్సిన్ రాష్ట్రమున మిచిగన్ సరస్సు నొడ్డున నున్న పట్టణము. జర్మనీనుండి వలసవచ్చిన కుటుంబములకును, బీరు తయారుచేయు కర్మాగారములకును నది పేరు పొందినది. న్యూయార్కువలె, లాస్ ఏంజిలిస్‌వలె సంగీతవ్యాపారమునకు రాజధాని కాదు. అచ్చట 1980 ప్రాంతమున బాసు గిటారు వాయించు బ్రయన్ రిచీయు, డ్రమ్ము వాయించు విక్టర్ డిలొరెంజోయు జతకూడిరి. పిమ్మట గార్డన్ గేనో యను బాలుడు వారితో గలిసెను. ఇతడు 1963లో జన్మించినవాడు. బాప్టిస్టు మతాచార్యుని కుమారుడు. సంపుటిలోని పాటలలో బెక్కింటి నితడు హైస్కూలులో జదువుకొనుచున్న దినములలోనే రచించెను. కావున నవి యౌవనమును గూర్చి పెద్దవారు తలచుకొని వ్రాసిన పాటలు కావు. యౌవనము తన గదిలో గూర్చుండి వ్రాసికొన్నవి.

1981 ఆగస్టు 23వ తేదీన ప్రిటెండర్స్ అను ప్రసిద్ధ కూటమి మిల్వాకీలోని ఓరియెంటల్ థియేటరున బాడుటకు వచ్చెను. ఆ మందిరము వెలుపల, కాలిబాటమీద, ఈ మువ్వురును దారిన బోవువారికి బాటలు వినిపించుచుండిరి. ప్రిటెండర్స్ గిటారువాద్యకుడు జేమ్స్ హనీమన్ స్కాట్ ఆ పాట విని నిలిచెను. గాయని క్రిస్సీ హైండ్ వారిని లోనికి బిలిచి, ఆ రాత్రియే రంగముమీద గొంతసేపు పాడుటకు జోటిచ్చెను. దీనిని పలువురు అదృష్టకథగా జెప్పుదురు. మాకు మాత్రము దీనియందు మర్యాదయే గోచరించుచున్నది. లోపల గౌరవమందవలసిన విద్వాంసుడు వెలుపలి యనామకునకు జెవియొగ్గి, తన సభలో నతనికి బీట వేయుట యెంత యరుదైన సంస్కారమో మన సభానిర్వాహకు లాలోచింపవలయును.

సంపుటి 1982 జూలైలో విస్కాన్సిన్ రాష్ట్రమునందే లేక్ జెనీవా యను నూర రికార్డు చేయబడినది. ఖర్చులకు డిలొరెంజో తండ్రి పదివేల డాలర్లు ఋణముగా నిచ్చెను. నిర్మాణము మార్క్ వాన్ హెకీది. మరుసటి యేట లాస్ ఏంజిలిస్‌లోని స్లాష్ రికార్డ్స్ అను చిన్న స్వతంత్రసంస్థ దానిని బ్రకటించెను. ఆ కాలపు పరిస్థితి కొంత యెఱిగిననే కాని దీని సాహసము బోధపడదు. ఎమ్‌టీవీ 1981లో బ్రారంభమై పాటకు రూపసంపద నావశ్యకము చేసినది. సింథసైజరులును, తాళమును దామే వేయు యంత్రములును రాజ్యమేలుచుండెను. అట్టి సమయమున నీ మువ్వురు విద్యుత్తు నెంత తగ్గింపవచ్చునో యంత తగ్గించిరి.

రిచీ చేపట్టినది బోలుకడుపు గల చెక్కబాసు. విద్యుత్తుచే బెంచబడు బాసుమీద నొక స్వరము మీటినచో నది చాలసేపు నిలుచును. చెక్కబాసుమీద మీటినది త్వరలోనే యణగిపోవును. ఆ వెలితి నింపుటకు వాద్యకుడు మఱిన్ని స్వరములు వాయింపక తప్పదు. అందుచేత సాధారణముగా వెనుక నిలిచి పాటను మోయవలసిన బాసు ఇచ్చట గాయకునితో వాదమాడు రెండవ కంఠమైనది. లోటునుండి శైలి పుట్టుట కిది చక్కని నిదర్శనము. డిలొరెంజో డ్రమ్ముల పెద్ద సరంజామాను విడిచి, ప్రధానముగా నొక్క స్నేర్ డ్రమ్ము ముందు నిలుచుండి తీగకుంచెలతో వాయించెను. మఱియొక డ్రమ్ముమీద లోహపు గంపను బోర్లించి, దానికి ట్రాన్సెఫోన్ అని పేరిడిరి. తంబుర పట్టిన కథకుడు నడుమను, డక్కీలు పట్టిన వంతలు ఇరుప్రక్కలను నిలిచి, రాత్రియెల్ల నూరిని మేలుకొలుపు బుర్రకథ నెఱిగిన తెలుగువారికి, మువ్వురు మనుష్యులతో రంగము నిండునను సంగతి యాశ్చర్యము గొలుపదు.

సంపుటిలో బది పాటలు కలవు. అన్నియు వినుటకు నలువది నిమిషములైనను పట్టదు. మొదటిది 'బ్లిస్టర్ ఇన్ ద సన్'. గిటారుమీద నొక చిన్న పలుకు, దానికి జవాబుగా డ్రమ్ముమీద రెండు దెబ్బలు: ఒకమారు విన్న బాలుడు బల్లమీద వ్రేళ్లతో వాయింపక మానడు. నడుమ కంఠము తగ్గి తగ్గి గుసగుసయై, మరల నొక్కుమ్మడి నెగయును. 'ఆడ్ ఇట్ అప్' వాద్యములేవియు లేక ఒంటి కంఠముతో మొదలై, పిదప పరుగు లంకించుకొనును. 'గాన్ డాడీ గాన్' అను పాటలో రిచీ జైలోఫోను వాయించెను. అందు విల్లీ డిక్సన్ అను నల్లజాతి బ్లూస్ రచయిత పాటలోని భాగము చేర్చబడినది. కడపటి 'గుడ్ ఫీలింగ్' పియానో, వయొలిన్ల తోడ మెల్లగా సాగి, అంతవరకు నఱచి యలసిన బాలునికి విశ్రాంతి నొసగును.

గేనో కంఠము శిక్షణ పొందినది కాదు. అది ముక్కుతో బలుకును, పై స్థాయిలో జీరవోవును, ఒక్కొక్కచోట నేడ్పునకును గోపమునకును నడుమ దెగిపోవును. శాస్త్రజ్ఞు లిది దోషమందురు. దోషమే కావచ్చును. కాని పాడబడు విషయ మేమి? తిరస్కారము, ఒంటరితనము, శరీరపు తొందర, తనమీద దనకే కలుగు రోత. ఇట్టి మాటలను మేళవించిన తీయని కంఠమున బాడినచో నవి యబద్ధములై పోయెడివి. శ్రుతిశుద్ధి యొక గుణము, భావశుద్ధి మఱియొక గుణము. రెండును గూడిన పాట యుత్తమము, రెండవది లేని పాట వినదగదు.

'కిస్ ఆఫ్' అను పాటనే చూడుడు. అందొక బాలుడు ఒకటి మొదలు పదివఱకు లెక్కించుచు, ఒక్కొక్క యంకెకు నొక్కొక్క దుఃఖకారణము జెప్పును. ఎనిమిదవదాని యొద్ద కారణము మఱచిపోవును. వినువా రచ్చట నవ్వుదురు. కాని యతడు లెక్కించునవి మ్రింగబోవు మాత్రలని తెలిసినతోడనే నవ్వు గొంతున నిలిచిపోవును. పరీక్ష తప్పిన కుఱ్ఱవాడు, నలుగురిలో నవమానపడిన కుఱ్ఱవాడు ఇంటికి వచ్చి తలుపు వేసికొనినప్పుడు లోపల నేమి లెక్కించుచున్నాడో మన మెన్నడైన నడిగితిమా? 'వానికేమి, చిన్నవాడు' అని ఊరకుందుము. ఈ పాట యా తలుపునకు జెవి యానించి వినిపించుచున్నది.

ఇంతమాత్రమున సంపుటి నిర్దుష్టమని మే మనము. పేరులో స్త్రీవాచకమైన ఫ్రెంచిశబ్ద మున్నను పాటలలో స్త్రీకి నోరు లేదు. ఆమె కోరబడును, నిందింపబడును, బ్రతిమాలబడును. ఆమె యేమనుకొన్నదో పది పాటలలో నొక్కదానియందును మనకు దెలియదు. 'ఆడ్ ఇట్ అప్'లో మోటుమాటయు, తుపాకి ప్రసక్తియు గలవు. ఇట్టి తావుల గాయకుని గోడు బెదిరింపుగా మాఱుచున్నది. ఇవి బాలుని నిజమైన భావములే కావచ్చును; నిజమైనంత మాత్రాన న్యాయములు కావు. తండ్రులు దీనిని బిడ్డలనుండి దాచవలయునా యని యడిగిన, మే మొల్లమందుము. దాచినది దొంగచాటుగా వినబడును. కలిసి విని, 'ఈ పిల్లవాని బాధ నిజము, ఆ పిల్ల తప్పేమి?' అని యడుగగల పెద్దలున్న యింట నీ పాటలు హానిచేయవు. అట్టి ప్రశ్న యడుగలేని యింట నింతకంటె మెత్తని పాటలును రక్షింపజాలవు.

సాధనముల పేదరికమే యీ సంపుటికి గొప్పతనము తెచ్చినదని తలచుటయు బొరపాటే. 1984లో వచ్చిన రెండవ సంపుటి 'హాలోడ్ గ్రౌండ్'లో వీరు బాంజోను, ఊదు వాద్యములను జేర్చిరి, మతసంబంధమైన పాటలును బాడిరి. తక్కువ సాధనములు వారికి వ్రతము కాదు. చేతనున్నదానితో జెప్పవలసినది పూర్తిగా జెప్పుటయే వారి పట్టుదల.

సంపుటి వెలువడినపుడు బిల్‌బోర్డు పత్రికవారి 200 సంపుటుల పట్టికలో దానికి జోటు దొరకలేదు. అయినను విద్యార్థి వసతిగృహములలో నొకరి చేతినుండి యొకరి చేతికి బోవుచు, ఎనిమిదేండ్లకు, 1991లో, పదిలక్షల ప్రతులకు నొసగు ప్లాటినము గుర్తింపును బొందెను. అటు పిమ్మట నా యేటి ఆగస్టులోనే పట్టికలో 171వ స్థానమున మొదటిసారి కనబడెను. లెక్కలు వ్రాయువారికంటె వినువారే ముందు నడచిరి. ధనము వచ్చిన పిదప వివాదమును వచ్చెను. మొదటి పాటను వ్యాపారప్రకటన కిచ్చిన కారణమున 2007లో రిచీ గేనోమీద దావా వేసెను. 2009లో కూటమి విచ్ఛిన్నమై, 2013లో మరల గలిసెను. కాలిబాటమీద గలిసి పాడినవారికి సైతము హక్కుల సంగతి ముందుగా వ్రాసికొనుట మేలని కళాకారులు దీనివలన నేర్వవచ్చును.

మన పట్టణములలోను గిటారు పట్టి తమ మాట తామే కట్టుకొని పాడు పిల్లలున్నారు. వారి పాటలన్నియు మంచివని మేము చెప్పము. అధికము మంచివి కాకపోవచ్చును. విని తీర్పు చెప్పుడనియే మా కోరిక. సాంస్కృతిక సంఘములు తమ వార్షికోత్సవములలో బేరులేనివారికి నఱగంట యిచ్చినచో సభాగౌరవమునకు లోటు రాదు. ఆ యఱగంటలో నొక్క పాట నిలిచినను లాభము సభదే.